పాడుపెట్టిన ఇంటి పిల్లి

వడ్లు నిలవుండే ఇంట్లో పిల్లులు లేకపోతే ఎలకలు మనల్ని కూడా నమిలేస్తాయి. అందుకే గుణుపురంలో మా అత్తవారింట ఎప్పుడూ మూడు పిల్లులుండేవి. ఎర్రదీ నల్లదీ బుద్ధిమంతులు. బూడిదది ఉందే, దాని మొహం మండ, అది ముసలమ్మ మాట తప్ప ఎవరి మాటా వినేది కాదు. ముసలమ్మంటే మా మామ అసిరయ్య తల్లి, తవిటమ్మ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, నులకమంచం మీద కూర్చుని, తన కంచంలో చేపముక్క తీసి దానికి పెట్టేది. మేము అడిగితే మాత్రం ముల్లు కూడా ఇచ్చేది కాదు.

కార్తీకమాసంలో ముసలమ్మ పోయింది. పంతులు పంచాంగం చూసి నక్షత్రం మంచిది కాదన్నాడు. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, మనిషన్నవాడు లోపల అడుగు పెట్టకూడదు అన్నాడు. వడ్లు బస్తాలకెత్తి, పెరటి వెనక కళ్ళంలో ఉన్న పాకలోకి మారిపోయాం. బస్తాల వెంట ఎలకలు, ఎలకల వెంట పిల్లులు వచ్చాయి. అప్పటికి నాకు నాలుగో నెల. అంతకు ముందు ఇద్దరు పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయారు. ఈ బిడ్డయినా నాకు దక్కాలి. ఆ రోజుల్లో నాకు వేరే ఆలోచనే లేదు.

పాకలోకి వచ్చిన మర్నాటినుంచి బూడిదది నా బొంత మీద తడపడం మొదలుపెట్టింది. మా అత్త గున్నమ్మ బొంత మీద కాదు, మా ఆయన దుప్పటి మీద కాదు, నా ఒక్కదాని బొంత మీదే. కుంకుడురసంతో ఉతికి ఆరేసేదాన్ని. ఆరిందో లేదో మళ్ళీ తడిపేది. మిగతా రెండూ నా దగ్గరికొస్తే గోళ్ళతో రక్కి తరిమేది. మూడింటికీ మూడు చిప్పలు పెట్టి, మూడు మూలల్లో అన్నం పెట్టాం. పడక చుట్టూ కారం చల్లాం. అది తుమ్ముతూనే వచ్చి తడిపి పోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దీన్ని సంపేస్తానత్తా" అన్నాను చీపురు తిరగేసి.

"పిల్లిని సంపితే పాపం సుట్టుకుంటాది. కడుపుతో ఉన్నావు, నోరు ముయ్యవే అమ్మీ" అంది అత్త.

మా ఆయన సన్యాసయ్య దాన్ని గోనెసంచిలో మూటగట్టి, దారి గుర్తుపట్టకుండా సంచి గిరగిరా తిప్పి, బండి మీద వంశధార ఏటి పక్కనే పైకి తీసుకుపోయి గుడారి సంత దాటాక వదిలాడు. బండి తిరిగొచ్చేసరికి అది నా బొంత మీద కూర్చుని కాళ్ళు నాక్కుంటోంది. మా ఆయన దాన్నలా చూసి, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి నిలబడిపోయాడు.

ఆ రోజే ఇంకోటి కనిపెట్టాను. తోక పట్టుకుని ఈడ్చబోతే దాని వొంటినుంచి చుట్టపొగ వాసన వచ్చింది. మా పాకలో చుట్ట కాల్చేవాళ్ళు లేరు. మామ పొగాకు చేత్తో తాకడు. అప్పటినుంచీ దాన్ని కనిపెట్టి చూశాను. అది రోజూ పొద్దుటే కప్పు పెంకుల సందులోంచి పాడుపెట్టిన ఇంట్లోకి దిగేది, ఎండెక్కాక మీసాలకి చేపవాసనతో, బొచ్చునిండా పొగతో వచ్చేది. తాళం వేసిన ఇంట్లో దానికి కూడు పెట్టేదెవరు? అత్తతో చెప్పాను.

"ఓలమ్మో! ముసల్ది పంపుతోందే దాన్ని. ఆ పెంకుల సందు మూసీండ్రా. లోపలిది లోపలే ఉండాల."

ఎప్పుడూ పెదవి విప్పని మా మామ ఒక్కసారి లేచాడు.

"ఎవడైనా ఆ సందు ముట్టుకుంటే సెయ్యి ఇరిసెత్తాను!"

సందు అలాగే ఉండిపోయింది.

నాకు ఎనిమిదో నెల. ఒక రోజు పొద్దుటే అత్త ఏటికి వెళ్ళింది, మా ఆయన పొలంలో ఉన్నాడు. పెరట్లోకి వెళ్తే ఆ ఇంటి వెనకతలుపుకి కట్టిన తాడు విప్పి ఉంది. లోపల దొంగో దెయ్యమో ఎవరైతేనేం, నా బిడ్డ జోలికొస్తే ఊరుకుంటానా? పంతులూ నక్షత్రమూ ఏదీ గుర్తులేదు. తలుపు తోశాను.

లోపల చల్లగా ఉంది. పొగ కళ్ళకి మండింది. ముసలమ్మ నులకమంచం పక్కన నేల మీద మా మామ చేతులు కట్టుకుని, బళ్ళో పిల్లాడిలా కూర్చున్నాడు. ముందు చేపకూర అన్నం కంచం ఉంది. బూడిదది మంచం అంచున ఉంది. మంచం నడిమి నులక కిందికి కుంగి ఉంది. పిల్లి ఆ కుంగినచోటు వైపే తలెత్తి చూస్తోంది.

"అరవకమ్మీ" అన్నాడు మామ మెల్లగా. "ఇప్పుడే కూకుంది."

"ఎవరు మావా?"

ఆయన మంచం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మాయమ్మే. నీ కడుపులో పిల్లని ఒళ్ళో పెట్టమంటోంది. ముందిద్దరినీ ఎత్తుకోలేదు గదా, ఈ పిల్లనైనా నాకిచ్చీ అంటోంది. పాకకొస్తానని రోజూ లేత్తాది. నానొచ్చి కూకుని కబుర్లాడితే ఊరుకుంటాది."

"మరి ఆ పిల్లో?"

"నీ బొంత మీద అది ఎందుకు తడుపుతోందనుకున్నావు? దాని కంపులో నీ వాసన పోతాది. ముసల్ది నిన్ను పోల్చుకోలేదు. నువ్వేమో కుంకుడుకాయలు పెట్టి ఉతుకుతావు!"

ఏడుపొచ్చింది నాకు. ఆ పిచ్చి జంతువు నన్ను కాపాడుతుంటే చీపురుతో కొట్టానే! "సుట్ట నువ్వు కాలుస్తున్నావా మావా?" అన్నాను, అవునంటాడేమోనన్న ఆశతో.

"నాను కాలుత్తానేటి" అన్నాడు ఆయన.

"ఈ ఆరునెల్లూ నిండకముందే పిల్ల పుట్టేస్తే?"

మామ మంచం వైపు చూసి, ఏదో విన్నట్టు తల ఊపాడు. "మనవడి పిల్ల బదులు కన్నకొడుకుంటే సాలదేటి? నువ్వెల్లు. ఎవరితోటీ అనకు."

ఆ రోజునుంచీ బొంత ఉతకలేదు. అత్త ముక్కు మూసుకుని తిట్టింది, మా ఆయన పడక వేరే మూలకి మార్చుకున్నాడు. నేను మాత్రం ఆ కంపులోనే పడుకున్నాను, బూడిదదాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని. దానికి నా కంచంలోనే అన్నం కలిపి పెట్టేదాన్ని.

ఇల్లు పాడుపెట్టి ఆరు నెలలు ఇంకా నిండలేదు. ఒక ఉదయం పొయ్యి రాజేస్తుంటే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చేసరికి మామ పాక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూసి, తలపాగా సర్దుకుని, పెరట్లోకి నడిచాడు. పిల్లి ఆయన వెంట సగందూరం వెళ్ళి ఆగిపోయింది.

నేను ఎంత అరుస్తున్నా, ఆ అరుపుల మధ్య పెరటి అవతలినుంచి నులకమంచం కిర్రుమనడం విన్నాను. ఇంకెవరూ విన్నట్టు లేదు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. నా బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఏవయ్యో, మనవరాలయ్యా!" అని కేకవేస్తూ అత్త బయటికి పరుగెత్తింది. కళ్ళమంతా వెతికింది, పశువుల సాల చూసింది, వీధివైపు వెళ్ళి పిలిచింది. పలుకు లేదు. వగరుస్తూ తిరిగొచ్చి, "మీ మావేడే అమ్మీ? ఇంత మంచి కబురు సెబుదామంటే ఏ గాలికెల్లిపోయేడో!" అంది.

మామ ఎక్కడున్నాడో నాకు తెలుసు. బిడ్డ అప్పుడే నోరు పెట్టి పాలు పీలుస్తోంది. మొదటి ఇద్దరికీ ఆ భాగ్యం లేదు. నా కళ్ళనీళ్ళు దాని నెత్తి మీద పడుతుంటే కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. అది కడుపునిండా తాగి, రొమ్ము వదిలి, నిద్రపోయాక అప్పుడు అత్తతో చెప్పాను, ఆ ఇంటి వెనకతలుపు తీసి చూడమని.