పదకొండు వాగుల రాగి

అల్లుడు చేసేది ఏం ఉద్యోగమో అత్తగారికి మూడేళ్ళుగా అంతుపట్టలేదు. కొండలో ఖనిజం ఉంటే వానకు కొట్టుకొచ్చి వాగు అడుగున ఒండ్రులో చేరుతుందనీ, ఆ ఒండ్రు జల్లించి మెత్తటి పొడి ల్యాబుకు పంపి, ఖనిజం లెక్క ఎక్కువ వచ్చిన వాగు వెంట పైకి నడిస్తే గని దొరుకుతుందనీ అతను ఓపిగ్గా చెప్పేవాడు. ఆవిడ అంతా విని, "అంటే బురద జల్లిస్తావన్నమాట" అనేది.

అలాంటి ఆవిడ ఈ వారమంతా అల్లుణ్ణి నెత్తిన పెట్టుకుంది. అతను తెచ్చిన పదకొండు వాగుల ఒండ్రులోనూ రాగి ఉందని ల్యాబు తేల్చింది మరి. సోమవారం డ్రిల్లింగు యంత్రం కొండెక్కుతోంది. "మా అల్లుడు గని కనిపెట్టాడు" అని వీధిలో ఆవిడ ఆపి చెప్పని మనిషి లేడు. అన్నం పెడుతూ "ఇంకాస్త వేసుకో, బాబూ" అంటోంది. మూడేళ్ళలో మొదటిసారి బాబు అయ్యాడు పాపం.

శుక్రవారం ఆఫీసులో ల్యాబు కాగితాలు మళ్ళీ తిరగేస్తుంటే ఒక సంగతి అతని కంటబడింది. ఏ వాగు చూసినా రాగి రెండు పాళ్ళు, జింకు ఒక పాలు. కొండలు కూడబలుక్కుని ఇంత కచ్చితంగా కొలిచి పోయవు. ఆ పాళ్ళలో కలిస్తే దాన్ని ఇత్తడి అంటారు. అది కొండల్లో దొరకదు, వంటింట్లో దొరుకుతుంది.

నెల కిందట ఫీల్డుకు బయలుదేరే ముందు ఆఫీసు నైలాన్ జల్లెడ చిరిగి ఉండటం చూసి, అత్తగారి పిండి జల్లెడను అడక్కుండా సంచిలో వేసుకున్నాడు. తీగలు అరిగిపోయిన పాత ఇత్తడి జల్లెడ. లోహపు జల్లెడ అరిగి దాని పొడి ఒండ్రులో కలుస్తుందని, అది వాడకూడదని ఉద్యోగంలో చేరిన రోజే నేర్పుతారు. తిరిగొచ్చాక ఇంట్లో పెట్టడానికి మొహం చెల్లక ఆఫీసు బీరువాలో దాచాడు. ఆవిడేమో పక్కింటావిణ్ణి అనుమానించి మాటలు మానేసింది.

చెబితే బాబు కాస్తా మళ్ళీ బురద అవుతాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అయినా జల్లెడ తీసుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. ఎదురు కుర్చీలో అత్తగారు. గని మ్యాపు చూసిపోదామని వచ్చిందట.

"ఏమయ్యా, చేతిలో ఏంటది?" అన్నారు పెద్దసారు.

దాన్ని బల్లమీద పెట్టాడు. "మన రాగి ఇదేనండీ."

పెద్దసారు కాగితాలు చూశారు, జల్లెడను కిటికీ వెలుగులో తిప్పి చూశారు, ఫోనెత్తి యంత్రం ఆపమన్నారు.

"పదకొండు వాగుల్లోనూ ఉన్నది నా జల్లెడేనా?" అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"మరి కొండలో?"

"తెలీదు. మళ్ళీ మొదట్నుంచి జల్లించాలి."

ఆవిడ జల్లెడను చంకలో పెట్టుకుని లేచింది. "ముందు ఇంటికొచ్చి పక్కింటావిడకి నీ నోటితో చెప్పు."

సాయంత్రం చెప్పాడు. పక్కింటావిడ గంటసేపు దులిపేసింది. తలవంచుకుని ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, అత్తగారు అన్నంకన్నా ముందు ఓ కొత్త జల్లెడ తెచ్చి పక్కన పెట్టింది.

"నైలాన్‌ది. చట్రం కూడా ప్లాస్టిక్కే. ఇందులో లోహం లేదని షాపువాడిచేత మూడుసార్లు చెప్పించుకున్నాను" అంది. "ఇంకాస్త వేసుకో, బాబూ."