కింద ఉండిపోయే ముక్క

నవనీతకు తెల్లారితే డెమో క్లాసు. కల్వకుర్తిలోని ఓ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం దొరికితే కొత్త కాపురం ఇక్కడే. దొరక్కపోతే హైదరాబాద్ హాస్టలు, పాత ల్యాబు, ఆదివారాలు మాత్రమే మొగుడు దివాకర్ మొహం.

పాఠం ఆమెకు కొట్టిన పిండే. కొన్ని హార్మోన్లు కణం లోపలికి రావు, బయటే నిలబడి కబురు చెబుతాయి. అప్పుడు కణపొరలోని ఒక కొవ్వు అణువు రెండు ముక్కలవుతుంది. ఐపీత్రీ అనే ముక్క లోపలికి పరుగెత్తి, దాచి ఉంచిన కాల్షియాన్ని విడిపిస్తుంది. డీఏజీ అనే ముక్క పొరలోనే ఉండిపోతుంది.

ఉరికేది ఉరికితే రెండోది ఊకె ఎందుకు కూసుంటదని పొద్దున దివాకర్ అడిగాడు. ఆమె పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు. రేపు పిల్లలూ అట్లాగే ఊపితే ఉద్యోగం పోయినట్టే.

సాయంత్రం అత్త నర్సింగమ్మ ఎవరిదో పెళ్లికి వెళ్లడంతో వాళ్ల చెప్పుల దుకాణంలో ఆమె చోటు నవనీతకు వచ్చింది. గిరాకీ రాగానే ఒకరు అటకెక్కి సందులోంచి డబ్బా వదలాలి, ఒకరు కింద పట్టుకోవాలి. చెప్పులు కొనడానికి పుల్లమ్మ వచ్చి కూర్చుంది. దివాకర్ ఎక్కాడు. సైజు చెప్పే వంకతో నవనీతా నిచ్చెన ఎక్కింది. అతను ఆమె జుట్టులో దుమ్ము ఊదాడు, ఆమె నవ్వింది, ఆ సంబరంలో అతను అలవాటుగా డబ్బా వదిలేశాడు. అది ధబ్బున నేలమీద పడింది.

"ఇద్దరు మీదికే ఎక్కితె కింద పట్టేటోళ్లెవలు బిడ్డా?" అంది పుల్లమ్మ. "కొత్త జంటాయె, ఏం జేస్తం. చెప్పులు నేనే తొడుక్కుంట తియ్."

సిగ్గుపడాల్సిన నవనీత నిచ్చెన మీదే ఆగిపోయి, మొగుణ్ణి చూసి మెల్లగా అంది: "గదే దివాకర్. గందుకే గది ఆడనే ఉంటది."

మర్నాడు క్లాసులో ఒక పిల్లాణ్ణి బెంచీ ఎక్కించి చాక్‌పీసుల డబ్బా వదలమంది. అది కిందపడి అందరూ నవ్వాక, ఒక అమ్మాయిని కింద నిలబెట్టి మళ్లీ వదలమంది. కాల్షియం అందుకున్న ఎంజైము పొర దగ్గరికి వస్తుందనీ, అక్కడ పట్టుకుని పనిలో పెట్టేది డీఏజీయేననీ చెప్పింది.

"అయితే గది ఊకె కూసున్నట్టు కాదు మేడం," అంది ఆ అమ్మాయి, డబ్బా గుండెకు హత్తుకుని.

వెనక కూర్చుని చూస్తున్న ప్రిన్సిపాల్ అమరేందర్ సారు సోమవారం నుంచి వచ్చేయమన్నాడు.

ఆ సాయంత్రం నవనీత అటక సందు కిందే నిలబడింది. ఉన్నవా అని పైనుంచి దివాకర్ అడిగాడు.

"ఈడనే ఉన్న. ఇగ యాడికి పోత?"

డబ్బా సరిగ్గా చేతుల్లో పడింది. తెరిచి చూస్తే, కాలేజీకి తొడుక్కుపోయే చెప్పులు, ఆమె సైజువే.