మెరిసే సగం

ఆగండి, ఆగండి. చెప్పులు విడవాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ గుమ్మం దగ్గరే నిలబడి నా మాట వినండి. ఇదంతా ఒక నేల గురించిన కథ. నవ్వకండి. నేలని చూసుకుని ఒక మనిషి ఇంకో మనిషి మీద ఎంత కుళ్ళుకోగలదో తెలిస్తే మీకు నవ్వు రాదు.

అలా కుళ్ళుకున్న మనిషి పేరు సుధారాణి. బచేలీ నుంచి కిరందుల్ పోయే దారిలో, ఇనప రాయి గనుల మధ్య, ఒక ట్రస్టు ఆస్పత్రి ఉంది, అక్కడ ఊడ్చడం, తుడవడం, కడగడం అన్నిటికీ ఆవిడే పెద్ద. వాళ్ళ నాన్న గనిలో ఉద్యోగానికని విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ ఇక్కడే పెరిగింది, ఇక్కడే పెళ్ళి చేసుకుంది, కానీ ఎవరైనా మీదే ఊరు అని అడిగితే మాత్రం ఇప్పటికీ విశాఖపట్నం అనే చెబుతుంది.

ఆస్పత్రి నేలంతా వినైల్. చాపలా చుట్టలుగా వస్తుంది, పరిచి అంటిస్తారు, కాలికి మెత్తగా ఉంటుంది. అయితే దాని మీద ఏదో ఒక పూత లేకపోతే ఇక్కడ ఒక్క ఏడాది కూడా బతకదు. ఇక్కడి దుమ్ము మామూలు దుమ్ము కాదు మరి, ఇనప రాయి దుమ్ము. ఎర్రగా, సన్నగా ఉండి, చెప్పు కింద చేరిందంటే గరుకు కాగితంలా గీకేస్తుంది.

సుధారాణి పూత పాలిష్. డబ్బాలో పాలలా తెల్లగా ఉంటుంది. మాప్‌తో పల్చగా ఒక కోటు వేయాలి, అది పూర్తిగా ఆరాక అడ్డంగా ఇంకో కోటు, దాని మీద ఇంకోటి. ఓపిక లేకుండా తడి మీద తడి వేస్తే మసకబారిపోతుంది. ఆవిడకి ఓపిక ఉంది. ఆ పైన వారం వారం మిషన్‌తో రుద్దితే పైన వెలిగే ట్యూబ్‌లైట్లు కింద నేలలో కూడా వెలుగుతాయి. బయట నుంచి వచ్చిన డాక్టర్లు గుమ్మంలో ఆగి అబ్బా అనేవాళ్ళు. ఆ అబ్బా కోసమే ఆవిడ పొద్దున్నే లేచేది అంటే అబద్ధం కాదు.

ఇక ఊర్మిల. ఎర్రబోరు అనే ఊరి పిల్ల. పనిలో చేరిన కొత్తలో మాప్ పట్టుకోవడం కూడా తెలియదు, నేల మీద నీళ్ళు గుమ్మరించేది. ఎనిమిది ఆకారంలో మాప్ ఎలా తిప్పాలో, పాలిష్ గోడ అంచుకి తగలకుండా ఎలా ఆపాలో, మొత్తం నేర్పింది సుధారాణే. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. ఆ తిరగడం సుధారాణికి ఎంత బాగుండేదో అది ఆగిపోయేదాకా ఆవిడకే తెలియలేదు.

ఎలా ఆగిందంటే, ట్రస్టువాళ్ళు నేలల మీద శిక్షణకి ఒక మనిషిని పంపాలనుకున్నారు. ఆఫీసు చూసుకునే చక్రధరరావు గారు చిన్నపిల్ల కదా, ఎక్కువ కాలం పనికొస్తుందని ఊర్మిలని పంపారు. ఎక్కడికో తెలుసా? విశాఖపట్నానికి. సుధారాణి ఊరికి, సుధారాణిని కాదని.

ఊర్మిల తిరిగొచ్చేటప్పుడు సముద్రం ముందు దిగిన ఫోటోలు, అక్క కోసం ప్రత్యేకంగా ఒక మాడుగుల హల్వా ప్యాకెట్టు తెచ్చింది. ఫోటోలు చూసి సుధారాణి బాగున్నాయి అంది. హల్వా ప్యాకెట్టు విప్పకుండా అల్మారాలో పెట్టి చీమలు పట్టేదాకా ఉంచింది. ఆ తర్వాత ఎవరూ చూడకుండా పడేసింది.

ఫోటోలూ హల్వా సరే, ఊర్మిల ఇంకోటి కూడా తెచ్చింది. యురేథేన్ పూత. రెండు డబ్బాల్లో వస్తుంది, కలిపిన తర్వాత గట్టిపడేలోపు రోలర్‌తో గబగబా పూసేయాలి. నడవడానికి తొందరగానే వీలవుతుంది గానీ పూర్తిగా బిగిసేదాకా దాని మీద బరువులు ఈడ్చకూడదు. ఒక్కసారి బిగిసిందా, మళ్ళీ మళ్ళీ కోట్లు అక్కర్లేదు, రుద్దడం అక్కర్లేదు, ఘాటైన మందులు తగలనీయకుండా మామూలు క్లీనర్‌తో తుడుచుకుంటే చాలు. మెరవదు మాత్రం. మబ్బు పట్టిన రోజులా ఉంటుంది.

"ఏటే ఇది, తుడవడం మర్సిపోయినట్టుంది," అంది సుధారాణి, నలుగురూ వినేలా.

"గట్లనే ఉంటదక్కా. మెరవదు గానీ పోదు," అని నవ్వింది ఊర్మిల.

ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే సుధారాణికి హాయిగా ఉండేది.

అప్పటికి ఆస్పత్రి వెనక కొత్త ప్రసూతి వార్డు కడుతున్నారు. దాని నేలకి ఏ పూత వేయాలన్న ప్రశ్న వచ్చింది. చక్రధరరావు గారు తగువు పెట్టుకునే మనిషి కాదు, పందెం పెట్టే మనిషి. ఓపీ కారిడార్‌ని మధ్యలో ఒక గీత గీసి రెండు సగాలు చేశారు. ఒక సగం పాలిష్, ఒక సగం యురేథేన్. వర్షాలు వెళ్ళేదాకా చూద్దాం, ఏ సగం నిలబడితే వార్డుకి ఆ పూత, ఆ పూత వేసిన మనిషే వార్డుకి పెద్ద అన్నారు. రెండో మనిషి ఆ పెద్ద కింద పని చేయాలి. ఊర్మిల కింద తను. ఆ ఊహకే సుధారాణికి అన్నం దిగలేదు.

గుమ్మం వైపు సగం తనకే కావాలంది. వచ్చినవాళ్ళ కళ్ళు ముందు తన మెరుపు మీదే పడాలి కదా. అటువైపు బురద, దుమ్ము ఎక్కువక్కా, నీకే కష్టమైతది అని ఊర్మిల చెప్పింది కూడా. సుధారాణి వినలేదు.

ఊర్మిల తన సగానికి పూత వేయాలంటే ముందు పాత పాలిష్ మొత్తం ఊడగొట్టాలి, లేకపోతే కొత్తది అంటుకోదు. మందు పోసి నాననిచ్చి మిషన్‌తో రుద్దితే, ఏళ్ళ తరబడి సుధారాణి వేసిన పొరలన్నీ బూడిదరంగు గంజిలా పైకి తేలాయి. ఊర్మిల వాటిని వైపర్‌తో బకెట్లోకి లాగి, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ కడిగి, బట్టతో అద్ది చూసింది. సుధారాణి గోడకి ఆనుకుని ఆ బకెట్‌నే చూస్తూ నిలబడింది. తన అబ్బాలన్నీ అందులో ఉన్నట్టనిపించింది.

వర్షాలు మొదలయ్యాయి. సుధారాణి రోజూ తన సగం తుడిచాక ఎవరూ చూడకుండా ఊర్మిల సగం మీద వంగి ఫోన్ లైటు వేసి చూసేది. మొదట్లో ఏమీ కనిపించేది కాదు, ఆ రోజంతా మనసు పాడయ్యేది. తర్వాత్తర్వాత సన్నని గీతలు కనిపించాయి. కొన్నాళ్ళకి మధ్య గీత దాటగానే ఎర్రటి చార ఒకటి మొదలై లోపలిదాకా పాకింది. తన సగం మాత్రం అద్దంలానే ఉంది. ఊర్మిల పొద్దున్నే ఓపీ తెరవకముందు వచ్చి ఆ చార తుడిచేది, తర్వాత రోజంతా ఆపరేషన్ థియేటర్ వైపే పని. మర్నాటికి చార మళ్ళీ తయారు. ఆ పిల్ల మొహం వాడిపోవడం సుధారాణి చూసింది. టిఫిన్ రెండు ప్లేట్లు తినేసింది ఆ రోజు.

అలాగే ఉండి ఉంటే నేను ఇదంతా చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఒక రోజు జోరుగా వాన. సుధారాణి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. మాసే అని ఒక ముసలామె, నిండు కడుపుతో ఉన్న కోడలు మంగిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. మంగి చెప్పులతో అడుగు వేయబోయింది. మాసే గబుక్కున చెయ్యి పట్టి వెనక్కి లాగి, గోండీలో ఏదో కసిరింది. మంగి వంగలేక వంగి చెప్పులు విప్పి చేత పట్టుకుంది. ఇద్దరూ తడి కాళ్ళతో, గోడ పట్టుకుని, అంచు వెంబడే మెల్లగా నడుచుకుంటూ వెళ్ళారు. మంగి కాలివేళ్ళు నేలని గట్టిగా పట్టుకోవాలని చూస్తున్నాయి, నేల పట్టు దొరకనివ్వడం లేదు. గీత దగ్గరికి రాగానే మాసే చెప్పులు రెండూ టపటపా కొట్టి, ఎర్ర మట్టి దులిపి, కోడలికి తొడిగి, తనూ తొడుక్కుని, దర్జాగా ఊర్మిల సగం మీద నడిచి వెళ్ళిపోయింది.

సుధారాణి గేటు దగ్గరుండే సెక్యూరిటీ దేవేంద్రని పిలిచి, ఏమంటోంది ఆ ముసలామె అని అడిగింది.

"నేల గీలాగా ఉందంటోంది మేడమ్, తడి ఆరలేదంట. ఇప్పుడే అలికారు, చెప్పులతో తొక్కితే ఆ ఇంటావిడ మెహనత్, అంత కష్టం, ఏం కావాలి అని కోడల్ని తిడుతోంది," అన్నాడు దేవేంద్ర. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళందరూ అలాగే వస్తారనీ, మేడమ్‌కి తెలుసనుకున్నాననీ కూడా అన్నాడు.

మట్టితో, పేడతో అలికిన ఇంటి నేల తడిగా ఉన్నప్పుడు ఇలాగే మెరుస్తుంది. దాని మీద చెప్పులతో నడిస్తే అలికిన మనిషిని అవమానించినట్టే. సుధారాణికి మొదట ఒళ్ళు పులకరించింది. ఇంటావిడ. ఏ డాక్టరూ అంత పెద్ద మాట అనలేదు.

ఆ పులకరింత పూర్తిగా దిగకముందే రెండో సంగతి తట్టింది. తన సగం మీద ఇన్నాళ్ళూ నడిచింది ఉత్త కాళ్ళు. చెప్పులన్నీ, ఆ చెప్పుల్లోని ఇనప దుమ్మంతా ఊర్మిల సగం మీద పడింది. నిలబడింది తన పాలిష్ కాదు, వాళ్ళ మర్యాద.

మూడోది కూడా తట్టింది, అది ఆలోచించడం ఇష్టం లేక కౌంటర్ గాజు తుడవడం మొదలుపెట్టింది. ప్రసూతి వార్డులో నర్సుల బూట్లుంటాయి, మంచాల చక్రాలుంటాయి, చేతులకి రాసుకునే శానిటైజర్ చుక్కలు పడుతూనే ఉంటాయి, అవి పడితే పాలిష్ మీద తెల్ల మచ్చలు తేలతాయి. అరిగిన పాలిష్ ఊడగొట్టి మళ్ళీ వేయాలంటే వార్డు ఖాళీ చేయించాలి. ఇప్పుడే పుట్టిన పిల్లల్నీ తల్లుల్నీ ఎక్కడికి పంపిస్తారు? పైగా తడి కాళ్ళతో, గోడ పట్టుకుని నడిచే మంగిలాంటి వాళ్ళు జారిపడితే?

చెబుదామనే అనుకుంది. అదే రోజు క్యాంటీన్‌లో ఎవరో ఊర్మిల మేడమ్ అని పిలవడం వినబడింది. రేపు చెబుదాం అనుకుంది. రేపు ఎప్పుడూ రాలేదు.

వర్షాలు చివరి జల్లుల్లోకి వచ్చాక, చక్రధరరావు గారు నేల చూడటానికి వచ్చే పొద్దున సుధారాణి దేవేంద్రతో, సార్ వెళ్ళేదాకా జనాన్ని బయట షెడ్డులో కూర్చోబెట్టు, కారిడార్ నీటుగా ఉండాలి అని చెప్పింది. దేవేంద్ర అలాగే చేశాడు. గుమ్మం దగ్గర ఒక్క మనిషి లేడు. గీత దగ్గర ఒక్కరూ చెప్పులు తొడుక్కోవడం లేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఇటు అరచేత్తో రాసి చూశారు, అటు రాసి చూశారు. అటు, తుడిచినా గీతల్లో మిగిలిపోయిన దుమ్ము చేతికి ఎర్రగా అంటింది. ఆయన లేచి జేబురుమాలుతో తుడుచుకుంటూ, ఇందులో ఆలోచించేదేముంది, వార్డు సుధారాణిది అన్నారు. ఊర్మిలకి పర్వాలేదమ్మా అని చెప్పి, మళ్ళీ సుధారాణి వైపు తిరిగారు.

"దీని రహస్యం ఏమిటమ్మా?"

"కోటుకీ కోటుకీ మధ్య ఓపిక సార్," అంది సుధారాణి. 

ఆయన తన గదికి వెళ్ళిపోయారు. కారిడార్‌లో ఇద్దరే మిగిలారు. ఊర్మిల ఏడుస్తుందేమో, గొడవ పెట్టుకుంటుందేమో అని సుధారాణి సిద్ధంగా ఉంది. గొడవ పెట్టుకుంటే ఎంత బాగుండు. ఊర్మిల తన సగం మీద కూర్చుని ఆ గీతల మీద వేలితో రాసింది, లేచి దగ్గరికి వచ్చింది.

"మందు సరిగ్గనే కలిపిన అక్కా. పాతదంతా తీసి రెండుసార్లు కడిగిన. బిగిసేదాక మంచం కూడ ఈడ్వనియ్యలే. మరి నాదెందుకు పోయింది, నీదెట్ల నిలబడ్డది?" పనిలో చేరిన కొత్తలోలా కొంగు చివర పట్టుకుంది. "నువ్వే జెప్పాలె. మొదటికెల్లి నేర్పు మళ్ళ. నీకాడ్నే ఉంట."

ఇదే కదా సుధారాణికి కావలసింది. పైకి తేలిన ఆ బూడిదరంగు గంజిలోంచి, చీమలు పట్టిన హల్వాలోంచి, వానాకాలమంతా ఆవిడ కోరుకున్నది సరిగ్గా ఈ కొంగు పట్టుకున్న చెయ్యే. ఒక్క మాట చెప్పకుండా ఉంటే చాలు, ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. చెబితే వార్డు పోతుంది, పెద్దరికం పోతుంది, ఊర్మిల మళ్ళీ ఊర్మిల మేడమ్ అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే, సార్ వెళ్ళిపోయారు కదా అని దేవేంద్ర గుమ్మం తలుపులు తీశాడు. షెడ్డులోంచి జనం లేచారు. అందరికంటే ముందు మాసే, ఆమె చేతిలో చెయ్యి వేసి మంగి. నెలలు నిండిపోయాయి, నడవలేకపోతోంది. గుమ్మం దగ్గర ఆగి, ఒక చేత్తో నడుము పట్టుకుని, చెప్పులు విప్పడానికి వంగుతోంది.

ఊర్మిల వీపు అటువైపు ఉంది. తల తిప్పితే చాలు, మొత్తం కనబడిపోతుంది. కానీ ఆ పిల్ల తల తిప్పాలంటే, అటు చూడవే అని ఎవరో ఒకరు అనాలి. సుధారాణి పెదాలు తడుపుకుంది. మంగి రెండో చెప్పు కూడా విప్పేసి, తడి కాలు మెరుపు మీదికి ఎత్తింది.

చెప్పండి, ఆ కొంగు మీదే అయితే, ఆ చెయ్యి అలా పట్టుకునే ఉంటే, మీరు నోరు తెరిచేవారా?