గుట్ట జూనియర్స్ మొదటి ఫొటో

కమలాకర్ మీద భిక్షానికి ఉన్న కోపం నిన్న మొన్నటిది కాదు, పాతికేండ్లది. ఇన్నేండ్లు కడుపులనే మగ్గిన కోపం మొన్న యూసుఫ్‌గూడ చౌరస్తాల ఫ్లెక్సీ చూడంగనే గొంతు దాకా వచ్చింది. ‘గుట్ట జూనియర్స్ ఫుట్‌బాల్ క్లబ్, పాతికేండ్ల పండుగ’ అని పైన. కింద చేతిల బంతి పట్టుకొని వయసుల ఉన్న కమలాకర్. మొహం పున్నమి చంద్రుని లెక్క వెలిగిపోతున్నది. వ్యవస్థాపకుడట. భిక్షం బండి ఆపి, వెనకోళ్లు హారన్ కొడుతున్నా కదలకుంట చూసిండు. ఆ మొహం మీది వెలుగు తనది.

భిక్షం లైట్‌మన్. ఆరో తరగతిల బడి ఇడిసిపెట్టి సినిమా లైట్లు మోసుడు మొదలువెట్టిండు. ఫిల్మ్‌నగర్ వెనక గుట్ట మీద, రాళ్లు కొట్టి బతికిన వాళ్ల నాయన కొన్న జాగ ఒకటుండె. దాని పక్కకే బస్తీ సంఘం నేల. తల్లిదండ్రులు షూటింగులకు పోతే పిల్లలు ఆ గుట్ట మీద పొద్దంత ఒకర్నొకరు రాళ్లతోటి కొట్టుకునేటోళ్లు. అది చూసి బంతి కొనుక్కొచ్చింది భిక్షమే. ఆరు నెలల ఆదివారాలు రాళ్లు ఏరింది భిక్షమే. కూలగొట్టిన సినిమా గుడి సెట్టుల సర్వీ కర్రలు అడుక్కొచ్చి గోలుపోస్టులు పాతింది భిక్షమే. నేల పొడుగు చాలకుంటే తూర్పు గోలు తన జాగలనే పాతిండు. పిల్లలకు అంగీలు లేకుంటే, ఏదో పాటల డాన్సర్లు ఇడిసిన పసుపుపచ్చ తళుకుల అంగీలు తెచ్చి తొడిగిండు. మొదటి మ్యాచ్‌ల అవతలోళ్లు పెండ్లి బ్యాండోళ్లు వచ్చిండ్రని నవ్విండ్రు. రెండు గోల్స్ పడ్డంక నవ్వు బందయింది.

కమలాకర్ అప్పుడు ప్రొడక్షన్ ఆఫీసుల చాయ్‌లు లెక్కవెట్టేటోడు. ఇద్దరిదీ ఒకటే కిరాయి గది. క్లబ్బుకు అతను చేసిందల్ల ఒక్కటే, ప్రారంభం రోజు తెల్లంగీ తొడుక్కొని, తెలిసిన స్టిల్ ఫొటోగ్రాఫర్‌ను ఎంబడి తోలుకొచ్చుడు. సినిమా ముహూర్తం లెక్కనే కొబ్బరికాయ కొట్టి, బంతికి బొట్టు పెట్టి, పిల్లలను వరుసగ నిలబెట్టిండ్రు. నడుమ బంతి పట్టుకొని కమలాకర్. ఎండ వెనకనుంచి పడుతున్నది, మొహాలు నల్లగ వస్తయన్నడు ఫొటోగ్రాఫర్. ఇంకొకడైతే పోయి పిల్లల నడుమ నిలబడేటోడు. భిక్షం లైట్‌మన్ గదా, చెయ్యి ఊకుండలేదు. వెండికాగితం అంటించిన రిఫ్లెక్టర్ తెచ్చి, కెమెరా పక్కకు మోకాళ్ల మీద కూసొని, ఎండను పట్టి కమలాకర్ మొహం మీదికి తిప్పిండు. చెయ్యి వణకనియ్యలేదు. ఫొటో బంగారం లెక్క వచ్చింది. అందుల భిక్షం లేడు.

తర్వాత కమలాకర్ మేనేజరయిండు, నిర్మాతయిండు, జూబ్లీ హిల్స్‌ల మూడంతస్తుల ఇల్లు కట్టిండు. మాట సుత మారింది. ‘ఏందిరా’ అనేటోడు ‘ఏంటి భిక్షం’ అనుడు మొదలువెట్టిండు. అతని సినిమా ఆడలేదని తెలిసిన రోజు భిక్షం రెండు ముద్దలు ఎక్కువ తినేటోడు. ఆడిన రోజు కూరల ఉప్పు లేదని పెండ్లాం మంజులతతోటి పంచాది పెట్టుకునేటోడు.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు వందన ఇంటికొచ్చింది. గుట్ట మీద ఆడి పెరిగిన పిల్ల, ఇప్పుడు క్లబ్బు కోచ్. క్లబ్బు చరిత్ర పుస్తకం ఆమెనే రాస్తున్నది. మామా, నిజం నాకు తెలుసు, ఇద్దరి పేర్లు పక్కపక్కన రాస్త, కమలాకర్ సార్ సుత సరేనన్నడు అని చెప్పింది. భిక్షం అక్కడికి ఊకుంటే అయిపోతుండె.

"వాని పక్కన నాకు జాగ అవసరం లేదు. ముందు నా పేరే ఉండాలె. ఆ ఫొటో కిందనే ఉండాలె."

"ఆ ఫొటోల నువ్వు లేవు గదా మామా. నీ ఇప్పటి ఫొటో పెట్టి వేరే పేజీ ఇస్త."

"వాడు పాతికేండ్ల పోరగానిలెక్క మెరుస్తడు, నేను పండ్లూడిన మొహమేసుకొని వెనక పేజీలనా? ఆ ఫొటో నాది. దాని కిందనే రాయి."

వందన ఎంత చెప్పినా వినలేదు. నాలుగు రోజులకు కమలాకరే వచ్చిండు. కారు గల్లీల పట్టక నడిచి వచ్చిండు. భిక్షం చూపు అతని బూట్ల మీదనే ఉన్నది, గల్లీ బురద వాటికెందుకు అంటలేదోనని. కమలాకర్ చాయ్ తాగి, నెమ్మదిగ సంగతి చెప్పిండు. గ్రౌండుకు పచ్చిక వేయించాలట, తూర్పు గోలు కింది జాగ క్లబ్బు పేరు మీదికి రావాలట.

"ఫొటో కింద నీ పేరొక్కటే ఉంటుంది భిక్షం. నాది తీసేయమన్నాను. నువ్వే కదా వ్యవస్థాపకుడివి, నువ్వు ఇవ్వకపోతే ఎవరిస్తారు?"

లోపలినుంచి మంజులత గొంతు వచ్చింది. "ఆ జాగల రెండు రూములు ఏసుకుందామని పదేండ్ల సంది మొత్తుకుంటున్న. ఇప్పుడు పేరు కప్పుకొని పంటవా?"

భిక్షానికి ఆ మాట చెవికెక్కలేదు. ఫొటో కింద కమలాకర్ పేరు లేని పేజీ ఒక్కటే కండ్లల మెదులుతున్నది. బుధవారం రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి దానపత్రం మీద సంతకం పెట్టొచ్చిండు.

పండుగ నాటికి పచ్చిక పరిచి, గుట్ట మీద షామియానా వేసిండ్రు. వేదిక మీద కమలాకర్. భిక్షం కొత్తంగీ తొడుక్కొని రెండో వరుసల కూసున్నడు. పుస్తకం చేతికొచ్చింది. మొదటి పేజీల ఆ ఫొటోనే. దాని కింద ఒకటే పేరు, ‘వ్యవస్థాపకులు శ్రీ భిక్షం గారు’. కమలాకర్ మాట తప్పలేదు. భిక్షం ఆ పేజీని వేలుతోటి రెండుసార్లు తడిమిండు.

అప్పుడే ఒక చిన్నపిల్ల పుస్తకం తెరిచి పేరు చదివింది, ఫొటోల మొహం చూసింది, తలెత్తి వేదిక దిక్కు చూసింది. గుర్తుపట్టి ఉరికింది.

"భిక్షం సార్, ఆటోగ్రాఫ్."

కమలాకర్ నవ్విండు. రెండో వరుస దిక్కు ఒక్క చూపు చూసిండు. పెన్ను తీసి, ఆ పిల్ల పుస్తకంల ‘భిక్షం’ అని రాసిచ్చిండు. దాని వెనక ఇంకో పిల్లగాడు, వాని వెనక లైను.

వందన మైకు కోసం లేచింది, నిజం చెప్పేతందుకు. బ్యాండు మోతల ఆమె మాట ఎవరికీ ఇనపడలేదు. పేరన్న మిగులుతదనుకుంటే అదీ ఆ మొహానికే పోయింది. పక్క కుర్చీలనుంచి మంజులత లేచి చెప్పులేసుకొని ముందు నడిచింది. భిక్షం వెనకనే నడిచిండు, తూర్పు గోలు పక్కనుంచి, కొత్త పచ్చిక తొక్కకుంట, సున్నం గీత బయటనుంచి. గీత లోపల అతని నాయన కొన్నది, అతను పోగొట్టుకున్నది, ఎనభై ఆరు గజాలు.