మగ్గం గూట్లో మాత్రలు

ఎమ్మిగనూరులో ఓబుళేశు మగ్గం గుంటలోకి దిగితే, చేతికందే గూట్లో రెండే వస్తువులు ఉంటాయి. కత్తెర, నొప్పి మాత్రల అట్ట. పొద్దంతా గుంటలో కాళ్లాడించే మనిషికి నడుము పట్టేస్తుంది. మాత్ర మింగితే నేత సాగుతుంది. ఆ వీధిలో ప్రతి మగ్గం దగ్గరా ఇదే వరస. పిల్లలకు జ్వరమొస్తే ఆ మాత్రనే సగానికి విరిచి పెడతారు. ఎవరూ తప్పనుకోరు.

ఓబుళేశు భార్య గంగాదేవి కూడా అనుకోలేదు. కూతురు పద్మశ్రీ ఒళ్లు కాలిపోతోంది, కళ్ల వెనక నొప్పని ఏడుస్తోంది. చెంచాలో సగం మాత్ర నలిపి బెల్లం నీళ్లు కలుపుతుంటే, హైదరాబాదులో వైరస్‌లకు మందుల పరిశోధన చేస్తూ, సెలవులకు వచ్చిన ఆడబిడ్డ మహేశ్వరి చూసింది.

"ఏం మాత్ర వదినా అది?"

"మీయన్న నడుము మాత్ర."

"పాపకు నడుము నొప్పా?"

"ఎగతాళి చాలు తల్లీ. జరం దిగాల కదా. నిన్న కూడా సగం పెట్టినా."

మహేశ్వరి నవ్వు ఆగిపోయింది. చెంచా లాక్కుంది. "వీధిలో డెంగీ ఉండాది. ఇదీ డెంగీ అయితే ఆ మాత్రతో రక్తం కారే ప్రమాదముండాది. పా, ఆసుపత్రికి!"

రక్తపరీక్షలో డెంగీ అనే తేలింది. డాక్టరమ్మకు సగం మాత్ర సంగతి గంగాదేవే తలవంచుకుని చెప్పింది. "చెప్పడమే మంచిదయింది. ఇంక అది పెట్టొద్దు. చిగుళ్లలో రక్తం కనబడితే వెంటనే పిలువు" అందామె.

గంగాదేవి ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుని మాటిమాటికీ కూతురి చిగుళ్లు చూసింది. "దీనికి మందే లేదంటనే! మరి నువ్వాడ చేసేదేంది? దుడ్లిచ్చి మరీ పురుగు బొమ్మలు చూపిస్తారని మీయన్న అంటాంటాడు."

మహేశ్వరి ఫోనులో ఒక బొమ్మ చూపింది. రంగురంగుల మెలికలు.

"నూలు చిక్కుపడినట్టుండాదే!"

"చిక్కు కాదు, మడతలు. ఏ మడత ఆ చోటే ఉండాల. ఇది డెంగీ వైరస్ కత్తెర."

"దానికీ కత్తెరుంటాదా?"

"అన్న ఒకే పడుగు మీద చీరలన్నీ వరసగా నేస్తాడు కదా. కత్తిరించేదాకా ఏదీ విడి చీర కాదు. వైరస్సూ అంతే. దానికి కావాల్సిన ప్రోటీన్లన్నీ మన ఒంట్లోనే ఒకే పొడుగు దారంగా చేయించుకుంటాది. తర్వాత ఈ కత్తెరతో తెంపుకుంటాది."

గంగాదేవి బొమ్మను దగ్గరికి లాక్కుని చూసింది. "అట్లయితే కత్తెర నోట్లో ఏదైనా ఇరికిస్తే?"

"మేము వెతుకుతాండేది అదే వదినా! ఆ నోరు ఏ ఆకారంలో ఉండాదో తెలిస్తే, దాంట్లో సరిగ్గా ఇరుక్కునే మందు చేయొచ్చు."

"మరి మన ఒంట్లో కత్తెరలుండవా? మందు పోయి వాటిలో ఇరుక్కుంటే?"

"ఉంటాయి. అందుకే శానా మందులు పక్కన పడేసినాం. దేంట్లో పడతాదో తెలీకుండా మనిషికి ఇవ్వకూడదు కదా."

గంగాదేవి ఫోను తిరిగిచ్చేసింది. బెల్లం నీళ్ల చెంచా కళ్ల ముందు కదిలింది. తను పెట్టింది ఏం మాత్రో, కూతురిది ఏం జ్వరమో తనకేం తెలుసు?

జ్వరం దిగాకే అసలు జాగ్రత్తగా ఉండాలంది డాక్టరమ్మ. దిగింది. చిగుళ్లు శుభ్రంగానే ఉన్నాయి. పద్మశ్రీ "బొరుగులు కావాల" అని మారాం చేసిన పూట గంగాదేవి ఏడుస్తూ నవ్వింది.

ఇంటికొచ్చాక పక్కింటి రెజీనా వాకిట్లో నిలబడింది. "ఓబుళేశన్న మాత్ర ఒకటియ్యక్కా, మావోనికి ఒళ్లు కాలతాండాది."

"ఏం జరమంట?"

"జరానికి పేరేందక్కా? ఏమో, నువ్వు డాక్టరయితివే!"

"కాలేదులే. ఆసుపత్రిలో పేరు అడిగి తెలుసుకుందాం. పిల్లోన్ని ఎత్తుకో, నేనూ వస్తా" అంటూ గంగాదేవి చెప్పులేసుకుంది.

వైరస్ కత్తెర నోరెట్లుంటుందో తెలుసుకోవడానికి కొందరు ఏళ్లకేళ్లు వెచ్చిస్తున్నారు. అమ్మలారా, మన బిడ్డకు వచ్చింది ఏం జ్వరమో అడగకుండా మనం మాత్ర విరవకూడదు.