నోరెత్తని పురుడు

వంటింటి సింకులో బొమ్మబిడ్డకి సబ్బు రాస్తుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "కన్నబిడ్డకి పొయ్యలేదు గానీ, బొమ్మకి మాత్రం భలే నీళ్లు పోస్తున్నావే," అన్నారు. మా ఆయన తన టీ కప్పు కూడా అదే సింకులో పడేసి, "ఆసుపత్రి చాకిరీ ఇంటికి మోసుకొస్తే జీతమేమన్నా పెంచుతారా?" అన్నాడు. నేను కప్పు కూడా కడిగాను.

నేను పెద్దనర్సుగా చేసే ఆసుపత్రిలో శిక్షణ కేంద్రం పెడుతున్నారు. కాన్పులో తల్లికి రక్తం ఆగకపోతే, పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే ఏం చెయ్యాలో నర్సులకు నేర్పే గది. మొన్నటిదాకా అది విరిగిన మంచాల కొట్టు. మంచాలు లాగించింది, బూజు దులిపింది, తెరలు కుట్టింది, ఇప్పుడు పాఠం చెప్పేదీ నేనే. కుళాయి ఇంకా రాలేదు కాబట్టి పాఠానికి వాడే బొమ్మలు మా ఇంటికొచ్చి స్నానం చేస్తున్నాయి. బోర్డు మీద మాత్రం సూపరింటెండెంటుగారి పేరొక్కటే ఉంది.

శిక్షణలో మొదటి మెట్టు మందు కాదు, కేక. రక్తం కనబడగానే నలుగురూ పరుగెత్తుకొచ్చేలా అరవాలి. మా అమ్మాయిలకు అది తప్ప అన్నీ వచ్చాయి. సూది చకచకా ఎక్కిస్తారు, కేక దగ్గరికొచ్చేసరికి గొణుగుతారు. "గట్టిగా అరువు తల్లీ" అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "ఇంట్లో మా గొంతు వీధిలోకి వినబడితే చంపేస్తారు మేడం," అంది ఒకమ్మాయి. నాకు నవ్వు రాలేదు.

ఏళ్ల కిందట నేను పురుడు పోసుకున్నదీ ఇక్కడే. నోరెత్తి పరువు తియ్యొద్దని చెప్పి మరీ మా అత్తగారు లోపలికి పంపారు. పాప పుట్టింది, ఏడవలేదు. నర్సు చప్పుడు చెయ్యకుండా నడవా చివర డాక్టరు గదికి వెళ్లింది. నిద్రపోతున్న డాక్టరుని కేకేసి లేపితే తిట్లు తప్పవు మరి. ఆయన వచ్చేసరికి పాప చల్లబడిపోయింది. "పోనీలే, మళ్లీ చూద్దాం," అన్నాడు మా ఆయన. "మా కోడలు బంగారం. పురిటిగదిలో కూడా నోరెత్తలేదు," అని మా అత్తగారు చుట్టాలందరికీ చెప్పుకున్నారు. ఆ పొగడ్త ఇప్పటికీ నాకు ఒళ్లు మండిస్తుంది.

ప్రారంభోత్సవం ముందురోజు సూపరింటెండెంటుగారు వచ్చి, "ఏంటమ్మా ఈ అరుపులు, సంతలాగా? రేపు పెద్దవాళ్లొస్తున్నారు. ఆ మెట్టు సైగతో కానిచ్చెయ్యండి," అన్నారు. "అలాగే సార్," అన్నాను. ఇంటా బయటా నాకు బాగా అలవాటైన మాట. కానీ సైగతో నేర్చుకున్న పిల్లలు రేపు నిజం కాన్పులోనూ సైగే చేస్తారని తలచుకుంటే అన్నం సహించలేదు.

మర్నాడు అతిథులకు చేసి చూపించే కాన్పులో తల్లి వేషం నాది. నడుము కింద ఎర్రనీళ్ల సంచి పెట్టుకుని బల్ల మీద పడుకున్నాను. తల్లి వేషానికి మాటల్లేవు. నర్సమ్మాయి కారుతున్న ఎర్రనీళ్లు చూసింది, సూపరింటెండెంటుగారి వైపు చూసింది, చెయ్యెత్తి ఊపింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ ఇక పడుకోలేకపోయాను.

"బిడ్డ ఏడవట్లేదు! ఎవరైనా రండి! రండి!"

అంత గొంతు నాకుందని నాకే తెలీదు. వార్డులోంచి ఆయాలు, డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చారు. సూపరింటెండెంటుగారు కంగారుగా లేచి, "ఏం లేదు, ఏం లేదు, ఇదంతా ఉత్తుత్తిదే," అన్నారు. ముసలి ఆయా ఆ మాట వినిపించుకోకుండా నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఏమైందమ్మా?" అంది. ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు.

"ఇలా పిలిచుంటే నా పాప బతికేదమ్మా," అన్నాను.