కర్రెద్దు నొప్పి తీర్చిన సీసా

నేను ఒక మందు సీసాను. అరచేతిలో ఇమిడిపోతాను. నాలో నొప్పి మందు నింపి, రబ్బరు మూత బిగించి, లోకానికి మేలు చేయమని పంపారు. చేశాననే చాలాకాలం అనుకున్నాను.

రెండువేల ఒకటి, ఫిబ్రవరి పన్నెండున ఓదేలు ఇంటికి వచ్చాను. ఆ పొద్దున అతను తిన్నది జొన్న గటక, చింతకాయ తొక్కు. అదీ సగం గిన్నెలోనే వదిలేశాడు. కొట్టంలో ముసలి కర్రెద్దు లేవలేక మూలుగుతోంది. చనిపోయిన భార్య పోశవ్వ దూడప్పటి నుంచి చేత్తో మేపిన ఎద్దు అది. కటికవాళ్లకు అమ్మవద్దని పోయేముందు ఆమె మాట తీసుకుంది.

పశువుల కాంపౌండర్ యాకూబ్ నన్ను బోర్లించి సూదిలోకి మందు లాగాడు. పక్కింటి లచ్చవ్వ గోడ మీదుగా చూసి, "నీ ఎద్దుకైన వైద్యం మా అత్తకు గాకపాయె మరిదీ" అంది. ఓదేలు చాలా రోజులకు నవ్వాడు. సాయంత్రానికి మూలుగు ఆగింది. ఎద్దు అతని చేతిలోంచి పచ్చగడ్డి అందుకుని నమిలింది కూడా. మళ్లీ ఇదే మందు తేవాలని, ఖాళీ అయిన నన్ను అంగీ జేబులో వేసుకున్నాడు.

తెల్లారేసరికి ఎద్దు నిద్రలోనే పోయింది.

ఆ ఊళ్లో చచ్చిన పశువును పూడ్చరు. బోడగుట్ట బండ మీద రాబందులకు వదిలి వస్తారు. గుట్ట కొన చరియలో అప్పటికి ఒక్క జంటే మిగిలింది, గూట్లో పిల్లతో. పోశవ్వ వాటిని చూస్తే చేతులు జోడించేది. తన ఎద్దు వాటి రెక్కల మీదే పైకి పోవాలనేది. అందుకే ఓదేలు ఎద్దును బండి మీద గుట్టకు చేర్చాడు. రెండు పక్షులూ దిగాయి. అతను దూరంగా నిలబడి తృప్తిగా చూశాడు. జేబులో నేనూ ఉన్నాను.

వారం తిరగకముందే మళ్లీ వెళ్లాడు. ఒక రాబందు బండ కింద పడి ఉంది. రెండోది మెడ వేలాడేసి కూర్చుంది. మనిషి దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. గూట్లో పిల్ల అరిచి అరిచి ఆగిపోయింది. ఊళ్లో కొందరు రోగమన్నారు, కొందరు దిష్టన్నారు.

ఓదేలు నా మూతకు బెజ్జం పెట్టి, వత్తి దూర్చి, కిరోసిన్ పోసి పోశవ్వ ఫోటో ముందు దీపంగా వెలిగించాడు. ఎద్దుకు చివరి రాత్రి నిద్రనిచ్చిన సీసా కదా. మనుషులు దేనికి మొక్కుతారో వాళ్లకే తెలియదు.

ఆ మందును పశువులకు వాడకూడదని ప్రభుత్వం ఆపిన ఏడు, యాకూబ్ వచ్చాడు. దీపంగా వెలుగుతున్న నన్ను గుర్తుపట్టాడు. మందు పశువు ఒంట్లో ఉండిపోతుందని, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయని మెల్లగా చెప్పాడు.

"తెల్వక ఇచ్చిన ఓదేలన్నా. ఎద్దుకైతే నొప్పి తగ్గింది గదా."

"తగ్గింది." ఓదేలు దీపం వైపు చూశాడు. "ఎద్దును బొందవెట్టి ఉంటే రాబందులు బతికేటియా?"

యాకూబ్ అవునన్నట్టు తల ఊపాడు.

ఓదేలు నన్ను ఆర్పి బయటికి తీసుకువెళ్లాడు. బావి దాకా వెళ్లి ఆగాడు. చేని గట్టు దాకా వెళ్లి ఆగాడు. నాలో మందు చుక్కయినా లేదని తెలుసు. అయినా పారేయడానికి అతనికి చోటు దొరకలేదు. తిరిగి తెచ్చి కొట్టం గోడ సందులో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

గుట్ట మీద కళేబరాలు కుళ్లుతున్నాయి. వాటికి మరిగిన కుక్కలు గుంపు కట్టి ఊళ్లోకి దిగుతున్నాయి. పోశవ్వ ఉన్నన్నాళ్లూ ఈ కొట్టానికి తలుపే లేదు. ఈ మాపు ఓదేలు, ఇప్పుడు పెంచుతున్న లేగదూడ మెడ నిమిరి, గడ్డి వేసి, ఏమీ ఎగరని ఆకాశం వైపు ఒకసారి చూశాడు. తర్వాత దూడ బెదరకుండా, చప్పుడు కాకుండా, కొత్త తలుపు దగ్గరికి లాగి మూశాడు.